గట్టి మేస్త్రి చేసిన మంచం

రంగుల ఫ్యాక్టరీలో అందరూ అతన్ని గట్టి మేస్త్రి అంటారు. మనిషి గట్టివాడని కాదు. పొట్ట ముందుకొచ్చి, రెండు మెట్లెక్కితే ఆయాసపడే మనిషిలో గట్టిదనం ఎక్కడుంటుంది? అతను చేసే వస్తువులు గట్టివి. ఒక మేకు చాలిన చోట గుప్పెడు కొడతాడు. సన్న రేకు సరిపోయే చోట మందపాటి ఇనప పట్టీ వేస్తాడు. ఇంట్లో అతను చేసిన స్టూలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే ఆలుమగలిద్దరూ చెరో పక్కా పట్టుకోవాలి. గేటుకి అతను అమర్చిన గడియ తియ్యలేక పాలవాడు ప్యాకెట్లను గోడ మీద నుంచి లోపలికి విసరడం అలవాటు చేసుకున్నాడు. "దొంగల సంగతేమో గానీ, ఆ గడియ దెబ్బకి చుట్టాలు రావడం మానేశారండీ" అని టీ తాగేటప్పుడు అతనే చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వుతాడు.

ఇంత గట్టి మనిషికి ఫ్యాక్టరీలో దొరికిన ఉద్యోగం మాత్రం తెగిపోయే వస్తువుతో. రంగు కలిపే పెద్ద తొట్టిలో నిలువుగా ఒక ఇరుసు, దాని చివర రెక్కలు ఉంటాయి. మోటారుకీ ఇరుసుకీ మధ్య చిటికెన వేలంత ఇత్తడి పిన్ను ఉంటుంది. గడ్డకట్టిన రంగు రెక్కలకి అడ్డంపడిందంటే, మోటారు తిప్పుతానంటుంది, ఇరుసు కదలనంటుంది. ఇద్దరి పంతానికీ మధ్యలో ఉన్న పిన్ను అడ్డంగా తెగిపోతుంది. ఠప్పుమని చప్పుడవుతుంది, తొట్టి ఆగుతుంది, మేస్త్రి వచ్చి గడ్డ తీసేసి కొత్త పిన్ను వేస్తాడు. దాన్ని షియర్ పిన్ను అంటారు. కొత్తగా వచ్చిన ప్రతి సూపర్వైజరూ ఒకటే అడుగుతాడు: "ఉక్కు పిన్ను వేస్తే తెగదు కదా మేస్త్రీ?" మేస్త్రి గడ్డం పైకెత్తి, "పిన్ను తెగదు సార్, గేర్‌బాక్సు పగులుతుంది. అది తెగడానికే పుట్టింది, తెగనివ్వండి" అంటాడు. ఇంత తెలివైన మాట అన్న మనిషి ఇంటికెళ్లి సబ్బుపెట్టెకి కూడా బోల్టులు బిగిస్తాడంటే ఎవరూ నమ్మరు.

అతని దగ్గర ఇంకో ఉపన్యాసం కూడా ఉంది. "మంచి రంగంటే ఏమిటి? గోడ మీద నిలబడాలి, కుంచె కింద జారాలి. అడుగు పొర గోడని పట్టుకుని కూర్చుంటుంది. పై పొర కుంచెతో పాటు పోతానంటుంది. మధ్యలో ఉన్న పొరలన్నీ పాపం ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ జారతాయి. పని జరిగేదంతా ఆ మధ్యలోనే, పైకి మాత్రం ఏమీ కనపడదు." ఈ ముక్క అతను ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. మీరూ కాస్త గుర్తుపెట్టుకోండి. అవసరమైనప్పుడు మేస్త్రికి మాత్రం గుర్తు రాలేదు.

ఇంట్లో అతని భార్య, అత్తగారు ఉంటారు. అత్తగారు వయసంతా కుట్టుమిషను ముందు గడిపిన దర్జీ మనిషి. కళ్లు మసకబారి కుట్టడం మానేశాక, వీధివైపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ల బట్టలు చూడటం మొదలుపెట్టింది. దగ్గరివి కనపడకపోయినా దూరానివి ఆ కళ్లకి బాగానే ఆనేవి. "ఆ అబ్బాయి చొక్కా చూడవే, భుజం కుట్టు మోచేతి దాకా దిగిపోయింది. ఎవడు కుట్టాడో గానీ వాడికి కత్తెర ఇవ్వకూడదు" అని కూతురికి చెప్పేది. పోయేవాళ్లలో ఒక్కరి బట్టలూ ఆవిడకి నచ్చేవి కావు. అల్లుడు చేసిన వస్తువులు అసలే నచ్చేవి కావు. స్టూలు చూసి, "దీని మీద ఏనుగు కూర్చుంటుందా అల్లుడుగారూ?" అంది. అలమర చేస్తే, "ఇది తెరవడానికి నేను ఇంకాస్త తినాలి" అంది. మేస్త్రి పళ్లు ఇకిలించి ఊరుకునేవాడు. లోపల మాత్రం, ఏదో ఒకరోజు ఈవిడ చేత బాగుందనిపించుకోకపోతే నా జన్మ ఎందుకు అనుకునేవాడు.

ఆ రోజు వచ్చింది కానీ రావాల్సిన దారిన రాలేదు. అత్తగారు స్నానాల గదిలో కాలుజారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేశారు. ఎముక అతికింది గానీ కాళ్లలో మళ్లీ బలం రాలేదు, ఆవిడ మంచానికి అతుక్కుపోయింది. ఆ పడుకున్న చోటు నుంచి కిటికీలో ఆకాశం ముక్క తప్ప వీధి కనిపించదు. తిండి తగ్గించింది. విసుక్కోవడం కూడా తగ్గించింది, దాంతో ఇంట్లో ఇద్దరికీ భయం వేసింది.

మేస్త్రి సెలవు పెట్టాడు. ఇనప మంచాన్ని నడుము దగ్గర కోసి కీళ్లు వేశాడు. తలవైపు పైకి లేచేందుకు కింద లారీ జాకీ బిగించాడు. దాన్ని తిప్పడానికి బావి గిలకకి సరిపోయేంత పిడి పెట్టాడు. లారీని ఎత్తే జాకీ అత్తగారిని ఎత్తడానికి ఎందుకని భార్య అడిగితే, "రేపు మీ అమ్మ ఒళ్లు చేస్తే?" అన్నాడు. తరవాత అత్తగారిని పడుకోబెట్టి, పిడి తిప్పుతూ పోయాడు. తలవైపు లేచింది, ఇంకా లేచింది, ఆవిడ కుర్చీలో కూర్చున్నంత నిటారుగా అయ్యింది. కిటికీలో వీధి కనిపించింది.

ఆవిడ చాలాసేపు చూసింది. సైకిలు మీద పోతున్న ఒకాయన ప్యాంటు అడుగు మడత ఊడి వేలాడుతోందని గమనించింది. అప్పుడు ఇటు తిరిగి, "పర్లేదు అల్లుడుగారూ. ఈసారి మనుషుల కోసం చేశారు. బాగుంది" అంది.

మేస్త్రి కళ్లు నెత్తికెక్కాయి. మర్నాడు ఫ్యాక్టరీలో మంచం గురించి వినని మనిషి లేడు. సూపర్వైజరు కాగితాల మీద సంతకం కోసం వస్తే, అతనికి కాగితం వెనకాల మంచం బొమ్మ గీసి చూపించాడు.

ఒక చిన్న లోపం ఉందని త్వరలోనే తేలింది. నిటారుగా కూర్చోబెట్టిన మనిషి కాసేపటికి కాళ్లవైపుకి జారిపోతోంది. మేస్త్రి ఇంట్లో ఉంటే చంకల కింద చేతులు వేసి పైకి ఈడ్చేవాడు. భార్య ఒక్కతే ఉంటే అంత బలం చాలక కష్టపడేది. జారడమా? తన మంచం మీద? మేస్త్రికి అది పరువు సమస్య అయింది. ఫ్యాక్టరీలో లారీ ఎక్కించిన డ్రమ్ములు జారకుండా కింద గరుకు గుడ్డ ఒకటి పరుస్తారు. పీచుతో నేసిన మందపాటి గుడ్డ, అరచేయి రాస్తే అంటుకుపోతుంది. కొత్తది ఒకటి తెచ్చి, శుభ్రంగా ఉతికి, నున్నటి దుప్పటి తీసేసి, పరుపు మీద బిగించి కట్టాడు. "ఇక చూడండి అత్తయ్యగారూ, అంగుళం కదిలితే నా పేరు మార్చండి!" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. పొద్దున కూర్చోబెడితే సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఎలా ఉంది అని అడిగినప్పుడల్లా "బాగుంది అల్లుడుగారూ" అంది. ఆ మాట వినడానికి మేస్త్రి రోజూ అడిగేవాడు, సిగ్గు లేకుండా రెండోసారి కూడా అడిగేవాడు.

ఒకనాడు ఒళ్లు తుడవడానికి తల్లిని పక్కకి తిప్పిన కూతురు కెవ్వుమంది. వెన్ను చివర, ఎముక తగిలే చోట, వంకాయ రంగు మచ్చ ఉంది. వేలు పెడితే మెత్తగా లోపలికి పోతోంది. డాక్టరుకి కబురుపెడితే ఆయన నర్సుని పంపించాడు. ఆమె వచ్చేసరికే చర్మం చిట్లి పుండు బయటపడింది.

నర్సు పుండు చూసింది, మంచం చూసింది, గుడ్డ మీద అరచేత్తో రాసి చూసింది. "పగలంతా ఇలాగే కూర్చోబెడుతున్నారా?"

"అవును సిస్టర్. ఈ మంచం నేనే చేశాను" అన్నాడు మేస్త్రి. అంత గుబులులోనూ ఆ గొంతులో కాస్త గర్వం పలికింది. తరవాత ఆ గొంతు తలచుకున్నప్పుడల్లా, ఎవరైనా తన నెత్తిన ఒక్కటి మొట్టి ఉంటే బాగుండేది అనుకునేవాడు.

"ఈ గుడ్డ?"

"అదీ నేనే. జారిపోతున్నారని."

నర్సు తిట్టలేదు. "ఇలా రండి. మీ అరచెయ్యి ఈ బల్ల మీద పెట్టి గట్టిగా అదమండి. ఇప్పుడు చెయ్యి ఎత్తకుండా ముందుకి తొయ్యండి" అంది.

మేస్త్రి తోశాడు. అరచెయ్యి బల్లని అంటిపెట్టుకునే ఉంది. లోపల ఎముకలు మాత్రం ముందుకి కదిలాయి, మణికట్టు దగ్గర చర్మం ముడతలు పడింది.

"చర్మం ఆగిపోయింది, ఎముక ఆగలేదు. చూశారా? ఆవిడకి జరుగుతున్నది ఇదే. చర్మాన్ని మీ గుడ్డ పట్టుకుంది, ఒంటి బరువేమో ఎముకల్ని కిందికి లాగుతోంది. ఈ రెండిటి మధ్యా సన్నటి రక్తనాళాలు ఉంటాయి. అవి సాగి, నలిగి, మూసుకుపోతాయి. రక్తం అందని కండ లోపల్లోపలే చచ్చిపోతుంది. పైకి కనపడేటప్పటికే ఆలస్యం అయిపోతుంది."

"జారకుండానే కదా సిస్టర్ వేశాను?"

"జారిపోతే మనిషి మొత్తం జారేది, మళ్లీ పైకి ఎత్తి పడుకోబెట్టేవాళ్లు. ఇప్పుడు సగమే జారుతోంది. జారిన సగం మీకు కనపడటం లేదు" అంది నర్సు. "ఆ పైన చంకల్లో పట్టుకుని పైకి ఈడ్చినా అదే దెబ్బ రెండోవైపు నుంచి తగులుతుంది."

మేస్త్రి బల్ల మీదున్న తన చేతివంక చూశాడు. అడుగు పొర పట్టుకుని కూర్చుంటుంది, పై పొర పోతానంటుంది, పని జరిగేదంతా మధ్యలోనే. తన ఉపన్యాసం తన ఇంట్లో, తను చేసిన మంచం మీద, తన అత్తగారి ఒంట్లో జరిగింది. ఊరందరికీ చెప్పాడు, ఒక్క తన బుర్రకి చెప్పుకోలేదు.

వెళ్లేటప్పుడు నర్సు గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించింది. పుండు ఎముక దాకా దిగిందంటే ఆపరేషను తప్పదు, ఈ వయసులో చీము రక్తంలోకి ఎక్కితే ప్రాణానికే ముప్పు. పుండు మానేదాకా నిటారుగా కూర్చోబెట్టకూడదు, పక్కకి తిప్పి తిప్పి పడుకోబెట్టాలి. ఆవిడ బలమైన తిండి తినాలి.

మర్నాడు ఫ్యాక్టరీలో తొట్టి దగ్గర ఠప్పుమంది. మేస్త్రి వెళ్లి తెగిన పిన్ను బయటికి తీశాడు. రెండు ముక్కలు. కత్తితో కోసినంత నున్నగా ఉన్న ఆ తెగిన చోటును ఎన్నిసార్లు చూసుంటాడో. ఈసారి మాత్రం వాటిని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దీనికి బాధ కలిగితే ఫ్యాక్టరీ అంతా వినిపించేలా చప్పుడు చేస్తుంది, అందరూ పరిగెత్తుకొస్తారు. మరి ఆవిడ? పక్క ఇంటి దండెం మీది చొక్కాకి గుండీ లేకపోతే గొడవపెట్టే మనిషి, తన ఒళ్లు చిట్లుతుంటే బాగుంది బాగుంది అని ఎందుకు అన్నట్టు?

"మేస్త్రీ, పిన్ను వేస్తావా, దండం పెట్టుకుంటావా?" అని సూపర్వైజరు కేకేశాడు. మేస్త్రి పిన్ను వేశాడు. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా అత్తగారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పక్కకి తిరిగి, గోడని చూస్తూ పడుకుని ఉంది.

"అత్తయ్యగారూ, మీకు నొప్పి తెలియలేదా?"

"తెలీకేం. మొదట్నుంచీ మంటగానే ఉంది."

"మరి..."

"బట్టని క్రాసుగా పట్టి లాగితే నేత ఎలా వంకరపోతుందో నాకు ఒకళ్లు చెప్పాలా? ఒళ్లూ అంతే. లోపల ఏదో క్రాసుగా లాగుతోందని నాకు తెలుస్తూనే ఉంది."

"తెలిసి చెప్పలేదేమండీ!" మేస్త్రి గొంతు అతనికి తెలియకుండానే పెరిగింది.

ఆవిడ గోడకే సమాధానం చెప్పింది. "ఇన్నేళ్లలో మీరు చేసింది ఒక్కటైనా బాగుందన్నానా? అనలేదు. ఈ మంచం బాగుందన్నప్పుడు మీ మొహం చూశాను. అయ్యో, ఈ మనిషి ఈ ఒక్క మాట కోసం ఇన్నాళ్లు ఎదురుచూశాడా అనిపించింది. మళ్లీ బాగోలేదని చెప్పడానికి నోరు రాలేదు."

మేస్త్రి మంచం పక్కన కూలబడ్డాడు. "నా మొహం కోసం ఎవరైనా ఒళ్లు పాడుచేసుకుంటారా అత్తయ్యగారూ? ఈ మొహానికి అంత విలువుందా?" అన్నాడు.

"అదే నేనూ ఆలోచిస్తున్నా" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వారు. మేస్త్రి నవ్వుతూనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఫ్యాక్టరీలో పిన్ను గేర్‌బాక్సుని కాపాడుతుంది, అంత ఖరీదైన యంత్రం కాబట్టి. ఇక్కడ ఆవిడ కాపాడింది అల్లుడి గొప్పల్ని. అంత పనికిమాలిన దానికోసం ఇంత మనిషి చిట్లిపోవడం అతనికి సిగ్గుగానూ ఉంది, ఎక్కడో లోపల ఏడుపుగానూ ఉంది.

గరుకు గుడ్డ ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లిపోయింది. మేస్త్రి వెంటనే ఇంకేదో తయారుచెయ్యాలని టేపు తీసుకుని కొలతలకి బయల్దేరాడు గానీ, భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మీరేమీ చెయ్యొద్దు. మీకు దండం పెడతాను, ఏమీ చెయ్యకుండా కాస్త ఓపిక పట్టండి." మేస్త్రికి అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి లేదు. చేతులు నలుపుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

పని లేకపోలేదు. నర్సు చెప్పినట్టు ఆవిడ కింద మడత దుప్పటి వేసి, ఆలుమగలు చెరో పక్కా పట్టుకుని, ఈడ్వకుండా పైకి లేపి, జరిపి, దించాలి. మొదట్లో మేస్త్రి తన వైపు మరీ బలంగా ఎత్తేసేవాడు, అత్తగారు భార్య వైపుకి దొర్లిపోయేది. "అల్లుడుగారూ, నేను డ్రమ్ముని కాను" అనేది. మెల్లమెల్లగా అతని చేతులకి తక్కువ బలం వాడటం అలవాటైంది. అతను జీవితంలో నేర్చుకున్న పనులన్నిటిలోకీ అదే కష్టమైంది.

వీధి కనపడటం లేదు కాబట్టి ఆవిడ మళ్లీ తినడం తగ్గించింది. తినకపోతే పుండు మానదు. అప్పుడు మేస్త్రి ఫ్యాక్టరీ నుంచి రాగానే కిటికీ దగ్గర నిలబడి వీధిని చదవడం మొదలుపెట్టాడు.

"ఒకావిడ పోతోంది అత్తయ్యగారూ. పచ్చ... పచ్చ బట్టలు."

"పచ్చ బట్టలేమిటండీ? చేతులు పొడుగా పొట్టా? మెడ ఎంత దిగింది?"

"మెడ మామూలుగానే ఉందండీ, పొడుగే."

"ఆవిడ మెడ కాదు, బట్టల మెడ!"

మేస్త్రికి కాలరేదో కాజా ఏదో తెలీదు. చంక కుట్టుని జేబు అన్నాడు. ఒకాయన చొక్కా వెనక మడత గురించి అడిగితే, ఆయన్ని ఒకసారి అటు తిరగమని కిటికీలోంచి కేకేశాడు, ఆయన కోపంగా చూసి వెళ్లిపోయాడు. ఆవిడకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో, కూతురు నోటికి అందించిన ముద్ద మింగేసింది, తరవాతి ముద్ద కూడా. ఆ రోజు నుంచి భోజనం ఆ వేళకే పెట్టడం మొదలుపెట్టారు. తన తెలివితక్కువతనం వల్ల ఇంట్లో ఒక మేలు జరగడం మేస్త్రి ఎరిగినంతలో అదే మొదలు.

పుండు పట్టుదల కలది. కొన్నాళ్లు మానుతున్నట్టు కనిపించేది, కొన్నాళ్లు అంచులు నల్లబడి అందర్నీ హడలగొట్టేది. నర్సు కట్టు విప్పినప్పుడల్లా మేస్త్రి గది బయట నిలబడి, ఆమె ఊపిరి ఎలా వదులుతుందో వినేవాడు. ఎండలు ముదిరి, వానలు మొదలయ్యాక, ఒకరోజు ఆమె లోపల్నుంచే "రండి, చూడండి" అని పిలిచింది. పుండు చోట లేత చర్మం పరుచుకుని ఉంది, చిన్న పిల్లల బుగ్గ రంగులో. మేస్త్రి చూసి, బయటికి వచ్చి, గట్టి స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. స్టూలు కిర్రుమనలేదు, దాని పని అది బాగానే చేసింది.

ఇప్పుడు మొదట మోకాళ్ల కింద దిండు పెడతారు, అప్పుడు జారడానికి వీలుండదు. ఆ తరవాత మేస్త్రి పిడిని కొద్దిగా, చాలా కొద్దిగా తిప్పుతాడు. వీధిలో సగం కనిపిస్తుంది. ఆవిడకి మనుషుల నడుము పైభాగాలు చాలు, ప్యాంటు మడతల సంగతి అల్లుడు చెబుతాడు.

కొత్త అలవాటు ఇంకొకటి వచ్చింది. ఫ్యాక్టరీకి బయల్దేరే ముందు మేస్త్రి మంచం దగ్గర నిలబడి, "ఇవాళ్టి ఫిర్యాదు ఏమిటండీ?" అని అడుగుతాడు. ఏదో ఒకటి చెప్పేదాకా కదలడు. దిండు గట్టిగా ఉందని, పిడి కిర్రుమంటోందని, అల్లుడి చొక్కా ఇస్త్రీ లేదని, ఆవిడ వెతికి వెతికి ఏదో ఒకటి అప్పచెబుతుంది. అది విని అతను ప్రశాంతంగా వెళ్తాడు.

మొన్న మాత్రం ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఏమీ లేదు అల్లుడుగారూ. బాగుంది" అంది.

మేస్త్రి క్యారియరు కింద పెట్టేశాడు. పిడి గబగబా వెనక్కి తిప్పి మంచం చదును చేశాడు. "ఏమే, ఇలా రా! మీ అమ్మని తిప్పి చూడు, ముందు చూడు!" అని కేకలు పెట్టాడు.

"అయ్యో, నిజంగానే బాగుందండీ!"

"ఆ మాట మీ నోటి నుంచి నేనిక నమ్మను."

భార్య వచ్చి, తల్లిని నెమ్మదిగా పక్కకి తిప్పి, వెన్ను చివర వేళ్లతో తడిమి చూసింది. చర్మం నిమ్మళంగా ఉంది, ఎక్కడా ఎరుపు లేదు. "ఏమీ లేదు, మీరు వెళ్లండి" అంది. మేస్త్రి మళ్లీ దిండు సర్ది, పిడి కొద్దిగా తిప్పి, క్యారియరు తీసుకుని బయటపడ్డాడు. అయినా మనసు కుదరలేదు. గేటు దగ్గర నిలబడి, తను బిగించిన గడియతోనే కుస్తీ పడుతున్నాడు. అది ఎప్పటిలాగే రానంటోంది.

కిటికీలోంచి అత్తగారి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "ఆ గడియ ఏం బాగోలేదు అల్లుడుగారూ! మొదట్నుంచీ బాగోలేదు!"

మేస్త్రి ప్రాణం కుదుటపడింది.